రేసు మానేయమంటావా అక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 46 ఏళ్లు. తిరుపతి రేణిగుంట రోడ్డులో టూవీలర్ మెకానిక్ షెడ్డు ఉంది. 22 ఏళ్లుగా శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద బైక్ రేసుల్లో తోలుతున్నాను. రెండుసార్లు నా క్లాసులో ఛాంపియన్ అయ్యాను. షెడ్డు బోర్డు మీద కూడా 'ఛాంపియన్' అనే రాయించాను. పోయిన సంవత్సరం ప్రాక్టీసులో పడితే కాలర్ బోన్ విరిగింది, ప్లేటు వేశారు. నా దగ్గర పని నేర్చుకున్న 19 ఏళ్ల కుర్రాడు ఇప్పుడు ల్యాపుకి నాకంటే సెకనున్నర ముందుంటున్నాడు. మా ఆవిడ ఇక చాలంటోంది. పాప ఇంటర్ చదువుతోంది. గొడవెందుకని, స్పేర్ పార్టులకి చెన్నై పోతున్నానని చెప్పి ప్రాక్టీసుకి పోతున్నాను. ఫార్ములా వన్ కార్ల రేసుల్లో అలాన్సో 44 ఏళ్లు వచ్చినా తోలుతున్నాడు. హామిల్టన్ 40 నిండాక ఫెరారీ టీంకి మారాడు. వాళ్లకి లేని రిటైర్మెంట్ నాకెందుకు? ఒకటి మాత్రం నిజం. స్ట్రెయిట్ చివర, మలుపు ఇంకా 100 మీటర్లుందని చెప్పే బోర్డు దగ్గర పట్టే బ్రేకు ఇప్పుడు 150 దగ్గరే పడిపోతోంది. ప్రాక్టీసు చేస్తే సర్దుకుంటుందిలే. రేసు మానేస్తే ఇంక నేనెవర్ని అక్కా? మానేయమంటావా?

– ఒక రేసర్, తిరుపతి

సమాధానం:

తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నువ్వు సూటిగా అడిగావు, నేనూ సూటిగానే చెబుతాను. బైక్ రేసు మానెయ్యి. అలిగి ఈ రోజే హెల్మెట్ అటక మీద పెట్టేయమని కాదు. ఒక తేదీ పెట్టుకుని, ఇంట్లో చెప్పి, మర్యాదగా మానెయ్యి. నీకు 46 ఏళ్లు వచ్చాయనో, కుర్రాడు నిన్ను దాటేశాడనో ఈ మాట అనడం లేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ బ్రేకు దగ్గరే ఆగిపోయాను.

మిగతావన్నీ వివరంగా రాసి, అసలు సంగతిని చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశావు. 150 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 40 మీటర్లకు పైగా పోతుంది. అంటే నువ్వు చెప్పిన ఆ 50 మీటర్లు ఒక సెకను పైచిలుకు. నీ చెయ్యి నీకంటే సెకను ముందే నిర్ణయం తీసేసుకుంటోంది. 22 ఏళ్లు నువ్వు చెప్పినట్టు విన్న చెయ్యి అది. ఇప్పుడు నిన్ను అడగకుండానే బ్రేకు పట్టేస్తోందంటే దానికి నీకు తెలియనిదేదో తెలిసిపోయింది. ప్రాక్టీసుతో సర్దుకుంటుందని నువ్వంటున్నావు. నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు.

మా పెదనాన్న తిరుమల ఘాట్ బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్లకు పైనే కొండ ఎక్కించాడు, దించాడు. కొండ దిగేటప్పుడు బస్సుని గేర్‌లో పెట్టి ఇంజను పట్టు మీదే దించాలి, బ్రేకు పేరుకే వాడాలి అనేవాడు. మాటిమాటికీ బ్రేకు తొక్కితే లైనర్లు కాలి, కిందికి వచ్చేసరికి బ్రేకులు పనిచేయవు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆయన వెనక సీట్లో కూర్చుని ఆయన కాళ్లనే చూసేదాన్ని. ఎడం కాలు, చెయ్యి ఒకదానికొకటి చెప్పుకున్నట్టు కదిలేవి. కుడి కాలు మాత్రం పూజలో కూర్చున్నట్టు కదలకుండా ఉండేది.

ఒకరోజు అలిపిరి దగ్గర బస్సు ఆపి కిందికి దిగి, చక్రాల దగ్గర వంగి వాసన చూశాడు. కాలిన లైనర్ వాసన. ఎవరితో ఏమీ అనలేదు. రెండు వారాలు అలాగే చూసుకున్నాడు. అవ్వాచారి కోన పక్క మలుపు రాకముందే కుడి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోందని తేల్చుకున్నాడు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, చిన్న యాక్సిడెంట్ కూడా కాలేదు. తనే పోయి ఘాట్ డ్యూటీ వద్దని రాసిచ్చాడు. ఎందుకు పెదనాన్నా అంటే, "కాలు నా మాట ఇనడం లేదు పాపా, ఎనకాల యాభై మంది కూర్చోనుంటారు" అన్నాడు. ఆ తర్వాత కొత్త డ్రైవర్ల పక్కన కూర్చుని ఘాట్ నేర్పించేవాడు. పక్కసీట్లో కూర్చున్నా ప్రతి మలుపులో ఆయన కుడి కాలు ఖాళీ ఇనుప రేకుని నొక్కుతూనే ఉండేది.

నీ వెనకాల యాభై మంది లేరనుకుంటున్నావేమో. ఉన్నారు తమ్ముడూ. రేసులో నీ వెనక వచ్చేవాడు బోర్డును మాత్రమే చూడడు, నీ వెనక చక్రాన్ని చూసి తన బ్రేకు పాయింటు పెట్టుకుంటాడు. ఛాంపియన్ 100 దగ్గర బ్రేకు వేస్తాడని నమ్మి వస్తున్న పంతొమ్మిదేళ్ల పిల్లాడికి నువ్వు 150 దగ్గరే పట్టేస్తే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. అందరికంటే నెమ్మదిగా తోలేవాడితో అంత ప్రమాదం లేదు, వాడు నెమ్మదని అందరికీ తెలుసు కాబట్టి. అందరూ ఒక వేగం ఊహించుకుంటే వేరే వేగంలో తోలేవాడితోనే భయం. అలాంటివాడివి నువ్వు కావడం నాకు ఇష్టం లేదు.

ఇక అలాన్సో, హామిల్టన్ సంగతి. మా అబ్బోడి పుణ్యమా అని ఆదివారాలు టీవీ ముందు కూర్చుని నేనూ వాళ్లిద్దరి పిచ్చిలో పడ్డాను. అందుకే వాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు. అలాన్సో 2023లో ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో నిలిచి పోడియం ఎక్కాడు, ఆ ఏడాది మధ్యలోనే అతనికి 42 నిండాయి. హామిల్టన్ 2024 జులైలో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో గెలిచినప్పుడు 39 ఏళ్లు. రెండున్నరేళ్లు గెలుపు లేకుండా ఉండి, సొంత దేశం జనం ముందు గెలిచి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వయసుతో రేసరు అయిపోడని ఒప్పుకుంటాను. కానీ వాళ్లు కూర్చునేది కార్బన్ ఫైబర్ గుల్లలో. తల మీద హేలో అనే అడ్డుకమ్మీ ఉంటుంది, 2018 నుంచి ప్రతి ఫార్ములా వన్ కారుకీ అది తప్పనిసరి. పడితే నీకు అడ్డొచ్చేది తోలు సూటు, ఆ లోపల నీ కాలర్ బోన్, అంతే. పైగా వాళ్లు రోజంతా ఒళ్లు చూసుకోవడమే పనిగా బతుకుతారు. నువ్వు పొద్దుట్నుంచి రాత్రి దాకా ఇంజన్ల మీద వంగి పనిచేసి, ఆదివారం పొద్దున పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా బండి వేసుకుని పోయి, అదే నడుముతో ట్రాక్ ఎక్కుతావు.

46 ఏళ్ల రేసరుతో పోల్చుకోవాలంటే నీకు సరిగ్గా సరిపోయేవాడు ఒకడున్నాడు. అర్జెంటీనా వాడు ఫాంజియో. 1957 ఆగస్టులో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో, నీ వయసులోనే, పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు సర్దే చోట, టైరు మార్పు ఆలస్యమై ముప్పావు నిమిషానికి పైగా వెనకబడ్డాడు. ముందు రెండు ఫెరారీలు, వాటిలో తనకంటే చాలా చిన్న కుర్రాళ్లు. ల్యాపు తర్వాత ల్యాపు రికార్డు బద్దలు కొట్టుకుంటూ పోయి ఇద్దర్నీ దాటి గెలిచాడు, అయిదోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చూశావా అంటావు. ఆగు, మిగతాది విను. అంత వేగంగా తను అంతకుముందెప్పుడూ తోలలేదనీ, ఇక ముందు తోలాలని కూడా లేదనీ ఆయనే తర్వాత చెప్పాడు. మరుసటి ఏడాది ఫ్రాన్సులో ఒక రేసు నాలుగో స్థానంలో ముగించి ఫార్ములా వన్ మానేశాడు. ఎవరూ పొమ్మనలేదు. 84 ఏళ్లు బతికాడు. ఆ రోజుల్లో రేసర్లు ఏటా చచ్చిపోయేవాళ్లు. ఆ రెండు ఫెరారీల్లో ఉన్న కుర్రాళ్లలో ఒకడు 1958లో అదే నూర్‌బుర్గ్‌రింగ్‌లో పోయాడు, ఇంకొకడు 1959 జనవరిలో రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయాడు.

ప్లేటు సంగతి నువ్వు తేలిగ్గా రాశావు. నాకు తేలిగ్గా అనిపించలేదు. మోటోజీపీ బైక్ రేసరు మార్క్ మార్కెజ్ నీకు తెలియనివాడు కాదు. 2020 జులైలో స్పెయిన్‌లోని జెరెజ్‌ ట్రాక్ మీద పడి కుడి చేతి పై ఎముక విరిగింది, ప్లేటు వేశారు. ఆపరేషన్ అయిన నాలుగు రోజులకే మళ్లీ బండి ఎక్కాడు. కొద్ది రోజుల్లో ఇంట్లో పెద్ద కిటికీ తెరుస్తుంటే ప్లేటు దెబ్బతిని మళ్లీ కోయాల్సి వచ్చింది. మొత్తం నాలుగు ఆపరేషన్లు. మళ్లీ ఛాంపియన్ కావడానికి 2025 దాకా పట్టింది. పడ్డప్పుడు వాడికి 27 ఏళ్లు, చుట్టూ ప్రపంచంలో ఉన్న మంచి డాక్టర్లందరూ ఉన్నారు. నీ భుజంలో ప్లేటు ఉంచాలా, తీయాలా, మళ్లీ అక్కడే దెబ్బ తగిలితే ఏమవుతుందని ఎముకల డాక్టర్ని అడిగావా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. అడిగి ఉంటే రాసేవాడివే. ఈ వారంలోనే పోయి అడుగు, బండి తోలతానని దాచకుండా చెప్పి అడుగు. పనిలో పనిగా కళ్లు కూడా చూపించుకో. చత్వారం వచ్చిన కంటికి మీటరు మీది అంకె నుంచి దూరంగా ఉన్న మలుపు మీదికి చూపు మారడానికి కాస్త ఎక్కువ టైం పడుతుంది. ఆ యాభై మీటర్లలో కొంత అక్కడ కూడా ఉండొచ్చు.

మీ ఆవిడ గురించి రాయాలంటే నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే ఇందులో నేను ఆమె వైపే. జాకీ స్టీవర్ట్ అని స్కాట్లండ్ రేసరు ఉన్నాడు, మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. 1973 సీజన్ మొదట్లోనే ఆ ఏడాదితో మానేయాలని నిర్ణయించుకున్నాడు. టీం యజమానికి, ఇంకో ఇద్దరికి చెప్పాడు. భార్యకి మాత్రం చెప్పలేదు. చెబితే ఇంకా పది రేసులున్నాయి, తొమ్మిదున్నాయి అని ఆమె రోజూ లెక్కపెట్టుకుంటూ నలిగిపోతుందని. ఆయన నూరో రేసు అమెరికాలో కావాల్సింది. ముందురోజు తన టీంలోని కుర్రాడు, తమ్ముడిలా చూసుకున్న సెవెర్, అదే ట్రాక్ మీద చనిపోయాడు. స్టీవర్ట్ ఆ నూరో రేసు తోలకుండానే తప్పుకున్నాడు.

ఆయనా భార్య దగ్గర దాచాడు, నువ్వూ దాస్తున్నావు. ఆయన దాచింది రేసు మానేస్తున్నానన్న సంగతి, భయపడేదాన్ని ఇంకా భయపెట్టకూడదని. నువ్వు దాస్తున్నది రేసుకి పోతున్నానన్న సంగతి. నువ్వు చెన్నైలో బేరింగులు కొంటున్నావని అనుకుంటూ ఆమె ఇంట్లో మధ్యాహ్నం నీకు అన్నం తీసిపెట్టి కూర్చుంటుంది. ఏదైనా అయితే శ్రీపెరుంబుదూరు నుంచి ఎవరో ఫోన్ చేస్తారు. ఆ ఫోన్‌లో ఆమె మొదట వినేది నీ దెబ్బ గురించి కాదు, నువ్వు ఎక్కడున్నావన్న సంగతి. పాపకి ఆ మాట ఎలా చెబుతుందో ఒక్క నిమిషం కూర్చుని ఆలోచించు. 22 ఏళ్లు నీ సూట్లు ఉతికి, నీ కప్పులు తుడిచి పెట్టిన మనిషి ఆమె. పడితే వచ్చి ఆసుపత్రిలో పక్కన కూర్చున్నదీ ఆమే. ఆమెకి నిజం తెలియకుండా నువ్వు తోలే ల్యాపు ఎంత వేగంగా తోలినా నాకు నచ్చదు.

కుర్రాడి సంగతికి వద్దాం, అక్కడ నీకు సంతోషం ఉంది. సెకనున్నర అని బాధగా రాశావు. నేను గర్వంగా చదివాను. బైక్ రేసరు వాలెంటినో రోస్సీ చివరి బైక్ రేసు చూశావో లేదో. 2021 నవంబర్ 14, వాలెన్సియా. 42 ఏళ్లు, తొమ్మిదిసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆఖరి గెలుపు 2017లో అసెన్‌లో. అంటే నాలుగేళ్లకు పైగా గెలుపు లేకుండా ఆ మనిషి రేసు ఉన్న ప్రతి ఆదివారం, రేసు మొదలయ్యే గ్రిడ్ మీదికి వచ్చాడు. అభిమానులకి ఆ నాలుగేళ్లు చూడటం ఎంత కష్టమో నీకు తెలుసు. కొంచెం ముందే మానేసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ చివరి రోజు ఆయన పదో స్థానంలో వచ్చాడు. గెలిచింది ఎవరనుకున్నావు? ఆయన దగ్గర నేర్చుకున్న బాన్యాయా. ఆ రోజు రోస్సీ శిష్యులంతా గురువుగారి పాత రేసుల్లోని హెల్మెట్ డిజైన్లే తలకి పెట్టుకుని తోలారు. పాత రోస్సీ హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు ముందు గీత దాటాడు, అసలు రోస్సీ వెనకాల వచ్చాడు. ఏడాది తర్వాత అదే వాలెన్సియాలో ఆ కుర్రాడు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. గురువు ఆ రోజు ట్రాక్ దగ్గరే ఉండి చూశాడు.

రోస్సీ ఇంట్లో కూర్చోలేదు కూడా. కార్ల రేసులకి మారాడు, 2023లో తన ఊరి దగ్గరి మిసానోలో కారుతో గెలిచాడు. వేగం వదల్లేదు, పడితే ఎముకలు విరిగే బండిని వదిలాడు. నీకు రేసు కారు కొనే స్తోమత ఉందో లేదో నాకు తెలియదు, పాప చదువు ముందుంది కాబట్టి ఆ మాట పట్టుబట్టను.

మానేస్తే నేనెవర్ని అన్నావు. షెడ్డు బోర్డు తీయొద్దు. రెండుసార్లు గెలిచింది నిజంగా గెలిచావు, ఆ మాట ఎవరూ చెరపలేరు. కానీ ఆ సెకనున్నర ఎక్కడినుంచి వచ్చింది? కుర్రాడు ఏ మలుపులో ఏ గేరు వేయాలో నీ వెనక తోలి నేర్చుకున్నాడు. వాడి బండి ఇంజను నువ్వే విప్పి బిగించి ఉంటావు. రేసు రోజు పిట్‌లో వాడి టైరు గాలి ఎంత ఉండాలో, మధ్యాహ్నం ఎండకి ట్రాక్ వేడెక్కితే ఎంత తగ్గించాలో చెప్పే మనిషి వాడికి కావాలి. ఆ పని చేయగలిగినవాళ్లు తిరుపతిలో నువ్వు తప్ప ఎంతమంది ఉన్నారు? ఇంకొకటి. రేసుకి ముందు ప్రతి బండినీ పరీక్ష చేసే స్క్రూటినీ మనుషులు కావాలి, మలుపుల దగ్గర జెండాలు పట్టుకునే మార్షల్స్ కావాలి. 22 ఏళ్లు తోలిన మెకానిక్‌కి ఏ బోల్టు వదులుగా ఉందో చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. శ్రీపెరుంబుదూరు నిర్వాహకుల్ని అడుగు, నిన్ను వద్దనే క్లబ్బు ఉంటుందని నేననుకోను.

మన ఊళ్లో కూడా నీకు పని ఉంది. రాత్రి పది దాటితే బైపాస్ మీద, కరకంబాడి రోడ్డులో పిల్లలు హెల్మెట్ లేకుండా ఎలా తోలుతున్నారో నీ షెడ్డు ముందు నిలబడితేనే కనబడుతుంది. వాళ్లు పోలీసుల మాట వినరు, అమ్మానాన్నల మాట అంతకంటే వినరు. గోడకి కప్పులు పెట్టుకున్న మనిషి, ప్లేటు వేసిన భుజం చూపించి, వేగం కావాలంటే ట్రాక్‌కి రండిరా, నేను తీసుకెళ్తానని చెబితే వింటారు. పది మందిలో ఇద్దరు విన్నా చాలు.

చివరి రేసు ఉండాలా అంటే, డాక్టరు సరేనంటే ఉండాలి. 22 ఏళ్ల పనికి ఒక చివరి రోజు ఉండటం న్యాయం. కానీ దానికి మీ ఆవిడ, పాప వచ్చి పిట్ పక్కన కూర్చోవాలి. ఆమె రానంటే ఆ రేసు లేదు. వస్తే, గ్రిడ్‌లో నీ పక్కన ఉండేవాళ్లందరికీ ఇదే నా చివరిదని ముందే చెప్పు, నా బ్రేకు ముందే పడుతోంది, నా వెనక దగ్గరగా రాకండని కూడా చెప్పు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. కుర్రాడు నిన్ను దాటినప్పుడు దారివ్వు. డాక్టరు వద్దంటే, ఆ రోజు పిట్‌లోకి పోయి నీ హెల్మెట్ వాడి తలకి నీ చేత్తోనే పెట్టి బకిల్ బిగించు.

అంతకుముందు చేయాల్సింది ఒకటుంది. ఈ రాత్రి షెడ్డు మూసి ఇంటికి పోయాక, అన్నం తినకముందే, స్పేర్ పార్టులకని చెప్పి నేను పోయింది ప్రాక్టీసుకని ఆమెతో చెప్పు. అరుస్తుంది, ఏడుస్తుంది. పక్కనే కూర్చో, లేచి బయటికి పోకు. తర్వాత డాక్టరు ఏమన్నాడో నాకు రాయి తమ్ముడూ. చివరి రేసు తేదీ కూడా రాయి. మా అబ్బోడిని తీసుకుని వస్తాను.

– అక్క